గాలికి రెండు ద్వారములు

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి రోడ్డునకు ఇరువైపుల రెండు పెద్ద యంత్రములు విశ్రాంతి గైకొనుచున్నవి. కడలివైపున ఇసుకపై నున్నది ‘కుర్సురా’ యను జలాంతర్గామి. అది 1969లో భారత నౌకాదళమున చేరి, 2001లో సేవ చాలించి, 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. రోడ్డునకు ఆవలివైపున నున్నది టి.యు. 142 అను విమానము. ఈ జాతి విమానములు 1988లో మన నౌకాదళమునకు వచ్చి, ఇరువదితొమ్మిది సంవత్సరములు సముద్రములపై కావలి తిరిగి, 2017 మార్చిలో విరమించినవి. వానిలో నొకటి ఆ యేడే విశాఖకు ఎగిరివచ్చి, నౌకాదళపు విమానాశ్రయమున దిగి, భాగములుగ విప్పబడి, తీరమునకు తరలింపబడి, మరల కూర్చబడినది. ఆ డిసెంబరు నుండి చూపరులు దానిని దర్శించుచున్నారు.

ఈ రెండు యంత్రములకును ఒక చుట్టరికము కలదు. జలాంతర్గామిని సముద్రము నలువైపులనుండి నొక్కి లోనికి రాజూచును. విమానమునందు సంగతి తలక్రిందులు; లోపలి గాలియే బయటికి పోజూచును. ఒకదాని గోడ వచ్చుదానిని ఆపును. ఇంకొకదాని గోడ పోవుదానిని ఆపును. నడుమ కూర్చున్న మనుష్యుడు మాత్రము రెండుచోట్లను ఒకే పని చేయుచుండును. ఊపిరి తీయుచుండును. సెలవుదినములలో జనులు గుంపులుగ వచ్చి, వేరుసెనగలు తినుచు, ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. ఆ ఊపిరి సంగతి అడుగువారు తక్కువ.

ఒక ఆదివారము సాయంకాలము అడిగినది ఒక యెనిమిదవ తరగతి బాలిక. ఆమె వెంట వచ్చినవాడు ఆమె తాత. గాజువాక ఆటోనగరులో నలుబది యేండ్లు లారీ ఇంజనులు విప్పి బిగించి, కన్ను మందగించిన పిమ్మట పని మానినవాడు. ఆయన వ్రేళ్ళ గోళ్ళలో నేటికిని నల్లని గీత పోలేదు. నాలుగు ఇంజనులు, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురుగ తిరుగు రెండేసి పంకాలు, ఒక్కొక్క పంకాకు నాలుగేసి రెక్కలు. వానిని లెక్కించుచు ఆయన విమానము క్రింద చాలసేపు నిలిచియుండెను. బాలిక చూపు కిటికీలపై నుండెను.

“తాతయ్యా! ఈ కిటికీలు తెరచుటకు వీలు లేదు గదా. లోపలివారికి గాలి యెట్లు?”

“నీవే చెప్పుము చూతము.”

“ఎగురుటకు ముందు నేలమీదనే గాలి నింపి తలుపు మూయుదురు కాబోలు. అమ్మ క్యారేజి డబ్బా మూత బిగించినట్లు.”

తాత నవ్వెను. “ఆ డబ్బాలో పదిమందిని కూర్చుండబెట్టి పది గంటలు మూత తీయకున్నచో, చివరకు డబ్బాలో మిగులునది ఏమి?”

బాలిక ఆలోచించి, “చెమటయు, చెడుగాలియు” అనెను.

బాలిక చేసిన పొరపాటు చదువుకొన్న పెద్దలును చేయునదే. ఎత్తున ఎగురు విమానపు గది గట్టిగ మూసిన కుండవంటిదని అనేకులు తలంతురు. అది నిజము కాదు. ఆ గది పల్లెటూరి చెరువువంటిది. చెరువునకు ఒకవైపున కాలువ నీరు వచ్చి పడుచుండును. ఇంకొకవైపున తూము ద్వారా పోవుచుండును. తూమును కొంచెము దింపిన నీటిమట్టము పెరుగును. కొంచెము ఎత్తిన తగ్గును. నీరు నిలిచియున్నట్లే కనబడును గాని, నిన్నటి నీరు నేడు లేదు. విమానపు గదిలోని గాలియు అట్టిదే. ఒక ద్వారమున ఎడతెగక వచ్చుచుండును, ఇంకొక ద్వారమున ఎడతెగక పోవుచుండును. పోవుదానిని కొలతతో బిగబట్టుటచేత లోపల ఒత్తిడి నిలుచును.

ఆ ఒత్తిడి యేల కావలెను? దీనికి ఉదాహరణము విశాఖవారికి దూరమున లేదు. కొత్తవలసనుండి కొండలెక్కి అరకు మీదుగ కిరండూలు పోవు రైలుమార్గమున శిమిలిగుడ యను స్టేషను కలదు. బైలదిల్లా ఇనుప రాతిని విశాఖ ఓడరేవునకు దించుటకై 1960ల దశకమున వేసిన మార్గమిది. శిమిలిగుడ సముద్రమట్టమునకు దాదాపు 996 మీటర్ల ఎత్తున నున్నది. సముద్రపుటొడ్డునుండి బయలుదేరినవారికి ఆ చేరువలో చెవులు దిబ్బడ వేసి, గుటక వేసినప్పుడు ‘టిక్కు’మని తెరచుకొనును. బంగాళాదుంప వేపుళ్ళ పొట్లము కొన్నవారికి ఇంకొక వింత తోచును: పొట్లము పొట్ట ఉబ్బియుండును. పొట్లములోనికి ఎవరును గాలి ఊదలేదు. బయటి గాలి పలుచనైనది. ఆ కొద్ది ఎత్తునకే గాలి ఒత్తిడి పదింట ఒక వంతునకు మించి తగ్గుచున్నది.

18 వేల అడుగుల ఎత్తునకు పోయిన, నేలమీది ఒత్తిడిలో సగమే మిగులును. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు. ఎక్కడనైనను నూటికి ఇరువదియొక్క వంతులే. కాని దానిని ఊపిరితిత్తులనుండి రక్తములోనికి నెట్టు ఒత్తిడి చాలదు. 25 వేల అడుగుల ఎత్తున వేరు సాధనము లేని మనుష్యునికి తెలివితో పనిచేయు వ్యవధి మూడు మొదలు అయిదు నిమిషములు. 35 వేల అడుగుల ఎత్తున అది అరనిమిషము మొదలు ఒక నిమిషము మాత్రమే. ఇందులో భయంకరమైన విషయము వేరొకటి. తనకు తెలివి తప్పుచున్నదని ఆ మనుష్యునికి తెలియదు. నొప్పి యుండదు, ఉక్కిరిబిక్కిరి యుండదు. కొందరికి ఉల్లాసముగనే యుండును. చేయవలసిన పని కన్నులయెదుట నుండగనే చేయి దానిని మరచును.

మనుష్యునికి వచ్చిన ఈ ఆయాసమే ఇంజనుకును వచ్చును. ఇంజను గాలిని పీల్చి, ఇంధనముతో కలిపి మండించునది. పలుచని గాలిలో దానికిని ఊపిరి చాలదు. అందుకు కనిపెట్టబడినదే టర్బోఛార్జరు. ఇంజను విడుచు వేడి పొగ ఊరక పోవక, పోవుచు ఒక చిన్న చక్రమును మహావేగముగ త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొనయందు ఇంకొక చక్రముండును. అది బయటి గాలిని లాగి, నొక్కి, చిక్కగ జేసి ఇంజనుకు అందించును. ఆటోనగరు తాతకు ఇది పుస్తకపు విద్య కాదు. ఘాటు రోడ్డెక్కు లారీలలో నేడు ఇదే యంత్రమున్నది. “పొగ పోవుచు పోవుచు గాలిని తెచ్చును” అని ఆయన తన వద్ద పని నేర్చు కుర్రవాండ్రకు ఒక్క వాక్యమున చెప్పెడివాడు.

ఇంజనుకై నొక్కిన ఆ గాలిలోనుండి కొంత గదిలోనికి మళ్ళించిన మనుష్యునికిని సరిపోవును గదా! అమెరికాలో 1937లో ఎగిరిన లాక్‌హీడు ఎక్స్.సి. 35 అను విమానము ఈ యుక్తితోనే పైగాలిలో తన గదికి ఒత్తిడి కల్పించుకొన్నది. బీచి రోడ్డున నున్న టి.యు. 142 వంటి పెద్ద విమానములలో ఇంజను లోపలనే గాలిని నొక్కు చక్రముల వరుస లుండును. అందుండి కొంత గాలిని గదికి తీసికొందురు. ఇదంతయు పెద్ద కర్మాగారములలో, వందలమంది నిపుణుల చేతులమీదుగ జరుగు పని.

అయినను ఈ పనిని తమ ఇంటి షెడ్డులో తామే చేసికొనువారు లోకమున కలరు! తన విమానమును తానే కట్టుకొనుట కొందరికి వ్యసనము. మన దేశమునను ముంబయిలో ఒక విమానచోదకుడు తన మేడపైననే విమానమును నిర్మించి, 2016లో అచ్చట జరిగిన ప్రదర్శనమున నుంచెను. అమెరికాలో ఇట్టివారు వేలకొలది కలరు. పనిలో సగమునకు మించిన భాగము కట్టుకొనువాడే చేసియుండవలెనని అచ్చటి నిబంధన. వారి విమానములలో అధికము తక్కువ ఎత్తున ఎగురు చిన్నవి. కాని ‘లాన్సైరు 4-పి’ యనునది వేరు జాతి. పెట్టెలలో భాగములుగ వచ్చెడిది. నలుగురు కూర్చుండవచ్చును. దాని ఇంజనుకు రెండు టర్బోఛార్జరులు. గది లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికన్న చదరపు అంగుళమునకు 5 పౌనుల వరకు అధికముగ నుండవచ్చును. విమానము 24 వేల అడుగుల ఎత్తున పోవుచుండగా, లోపలివారికి దాదాపు 8 వేల అడుగుల కొండపై కూర్చున్నట్లుండును.

అయిదు పౌనులేనా యని చులకన చేయరాదు. చదరపు అడుగునకు 144 చదరపు అంగుళములు. కావున ప్రతి చదరపు అడుగుపై 720 పౌనులు, అనగా మూడు క్వింటాళ్ళకు పైబడిన బలము, గోడను వెలుపలికి నెట్టుచుండును. ఆరు చదరపు అడుగుల తలుపుపై ఆ బలము ఇరువది క్వింటాళ్ళకు దగ్గరగ నుండును. ఇంటిలో విమానము కట్టువాడు తన భార్యాబిడ్డలను ఈ తలుపు ప్రక్కననే కూర్చుండబెట్టును.

అట్టివాడు గాలి భాగములను బిగించు తీరు చూడదగినది. మొదటి చిక్కు వేడి. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగు చేతిని కాల్చునట్లుండుట పిల్లలెరిగినదే. నొక్కబడిన గాలి వేడెక్కును. టర్బోఛార్జరునుండి వచ్చు గాలి ఊపిరికి తగినది కాదు. దానిని పలుచని రేకుల నడుమ నడపి, రేకుల వెలుపల చల్లని గాలి తగులునట్లు చేసి చల్లార్చవలెను. ఈ వేడి భాగమున మామూలు రబ్బరు గొట్టములు పనికిరావు. ఉక్కు గొట్టములో, వేడికి ఓర్చు ప్రత్యేకపు గొట్టములో కావలెను.

రెండవ చిక్కు పంపకము. గాలి ఒక్కటి, తినువారు ఇద్దరు: ఇంజను, గది. గది గొట్టము ఎచ్చటనైన చిరిగినయెడల గాలియంతయు అటే పోయి ఇంజను సొమ్మసిల్లును. అందుచేత గదికి పోవు దారిలో సన్నని కుత్తుక గల ఒక లోహపు ముక్కు నుంతురు. ఆ కుత్తుకలో గాలివేగము ధ్వనివేగమును అందుకొన్న పిమ్మట, ఆవల ఒత్తిడి ఎంత తగ్గినను గాలి అంతకన్న అధికముగ పోజాలదు. కదలు భాగమొక్కటియు లేదు, కాపలావాడు లేడు, ప్రకృతి నియమమే అచ్చట గుమాస్తాయై కూర్చుండి కొలిచి ఇచ్చుచుండును. ఇంత ముచ్చటైన ఉపాయము యంత్రశాస్త్రమున తక్కువ.

తరువాత గాలి, ఇంజనుకును గదికిని నడుమ నున్న లోహపు గోడను దాటవలెను. ఆ రంధ్రమువద్ద ఒక మూత యుండును. ఇంజనువైపున నిప్పు పుట్టినను, పొగ కలిసినను చోదకుడు దానిని మూయును. ఇంజను పొగలో రంగును వాసనయు లేని విషవాయు వొకటి కలదు; అది గదిలోనికి వచ్చిన నిద్రలోనే ప్రాణము తీయును. గోడ దాటిన పిదప ఏకముఖ కవాటము. మెకానికులు దీనిని ‘నాన్‌రిటర్ను వాల్వు’ అందురు. గాలిని లోనికి రానిచ్చును, తిరిగి పోనీయదు. పాతకాలపు కమ్మరి కొలిమి తిత్తికి తోలు రెప్ప యొకటి యుండెడిది గదా, తిత్తి ఎత్తునప్పుడు తెరచుకొని, నొక్కునప్పుడు మూసికొనెడిది? ఇదియు ఆ రెప్పయే. ఇంజను ఆగినను, గొట్టము ఊడినను, గదిలోని గాలి వచ్చిన దారినే వెనుకకు పారిపోకుండ ఆ రెప్ప పడిపోవును. చోదకునికి క్రిందికి దిగుటకు కొన్ని నిమిషములు చిక్కును. ఆ కొన్ని నిమిషములే ప్రాణములు.

ఈ భాగము లన్నింటిని కలుపునవి గొట్టములు. గొట్టములను పట్టియుంచునవి ఇనుప క్లిప్పులు. ధర అడిగిన అన్నింటిలో చవుకైనది ఈ క్లిప్పే. లోహపు గొట్టము కొన చుట్టును ఒక చిన్న ఉబ్బుకట్టు చేయుదురు. మెత్తని గొట్టమును ఆ కట్టు దాటువరకు తొడిగి, క్లిప్పును కట్టునకు ఆవల బిగింపవలెను. కట్టుమీదనే బిగించిన చూచుటకు గట్టిగనే యుండును. ఒత్తిడియు అదురును కలిసినప్పుడు జారిపోవును.

ఇచ్చట తాత తన మనుమరాలికి ఎన్నడును చెప్పని సంగతి నొకటి చెప్పెను. చాల యేండ్ల క్రిందట ఒక లారీ టర్బోఛార్జరునుండి ఇంజనుకు పోవు గొట్టమును ఆయన మార్చెను. ప్రొద్దు గ్రుంకినది, లారీ తొందరలో నున్నది. క్లిప్పును కుర్రవాడు బిగించెను. అది కట్టునకు ఆవల నున్నదా, కట్టుపైననే యున్నదా యని తాత వ్రేలితో తడవి చూడలేదు. “బిగించితివా?” యని కేక వేసెను, “బిగించితిని” అని కుర్రవాడు బదులిచ్చెను. ఆ రాత్రి అనంతగిరి ఘాటులో, సగము మలుపునందు, గొట్టము ఊడినది. ఇంజను నల్లని పొగ క్రక్కి బలము కోల్పోయినది. నిండు బరువుతో నున్న లారీ వెనుకకు జారకుండ డ్రైవరు చక్రములక్రింద రాళ్ళు వేసి, తెల్లవార్లు దాని ప్రక్కననే వానలో నిలిచియుండెను. మరునాడు బస్సులో ఆటోనగరునకు వచ్చెను. తిట్టలేదు. ఆ క్లిప్పును బల్లమీద నుంచి, టీ తెప్పించుకొని త్రాగి, క్రొత్త క్లిప్పు తీసికొని పోయెను.

“అతడు తిట్టినయెడల మరచియుందును” అని తాత అనెను. “లారీ గనుక నిలిచినది. రాయి వేయుటకు నేల యున్నది.” ఆయన తల యెత్తి విమానపు రెక్కను చూచెను, మరి మాటలాడలేదు.

గాలి లోనికి వచ్చు దారి యిది. దీనికన్న వెలుపలికి పోవు దారియే అధికముగ మనుష్యులను పరీక్షించినది. 1921లో అమెరికాలోని డేటన్ నగరమున ఒక రెండు రెక్కల విమానమునకు గాలి చొరని ఉక్కు గది నమర్చి, బయట చిన్న చక్రములతో గాలిని లోనికి నెట్టించిరి. చోదకుడు కూర్చుండెను, విమానము లేచెను. అప్పుడు తెలిసినది: గాలి లోనికి వచ్చు వేగమునకు, బయటికి పోవు కవాటము మిక్కిలి చిన్నది! పైకి పోయినకొలది గాలి చాలదని భయపడి కట్టిన గదిలో గాలి మితిమీరినది. ఆ ప్రయత్నము మానవలసి వచ్చెను. రెండవసారి ఎగిరినప్పుడు గది మూతను లాగి వేయుటకు చోదకుని పొడవు చాలలేదట! మూడవవాడైన హారిస్ అను చోదకునితో పని నెరవేరినది. మహాకార్యములకు మూరెడు చేయి చాలక ఆటంకము కలిగిన సందర్భములు చరిత్రలో లేకపోలేదు.

నేటి విమానములలో ఆ తూము గది వెనుకభాగమున నుండు కవాటము. గది ఒత్తిడిని అనుసరించి తానే కొంచెము తెరచుకొనుచు, కొంచెము మూసికొనుచు నుండును. లోపలివారి చెవులు నొవ్వకుండ ఒత్తిడి మార్పు నెమ్మదిగ జరుగునట్లు చూచుటయు దాని పనియే. దాని ప్రక్కన ఇంకొక కవాట ముండును. మొదటిది మూసికొనిపోయి ఒత్తిడి హద్దు మీరినప్పుడే ఇది తెరచుకొనును. చెరువునకు తూముతోబాటు అలుగు ఉండునది యిందుకే. అలుగు సంవత్సరముల తరబడి పారకపోవచ్చును. కాని అలుగు లేని చెరువు ఒక్క వానకు తెగును. చక్రములు నేల తాకిన వెంటనే లోపలి ఒత్తిడి యంతయు వెడలిపోవు ఏర్పాటును ఉండవలెను. లేనిచో ఎవరో తలుపు గడియ తీయబోవుదురు. ఆ తలుపు తీసినవాని ముఖమున తగులును. విమానములలో పొగ త్రాగనిచ్చిన కాలమున ఈ కవాటములకు పొగాకు జిగురు పట్టి, మెకానికులు వానిని కడుగుటకే విసిగెడివారు. గోడలో సన్నని బీట యున్న తావులు కూడ ఆ గోధుమరంగు మరకలవలననే కొన్నిమారులు బయటపడెడివి.

గోడయొక్క ఒత్తిడి లెక్క తప్పిన ఏమగునో 1954లో లోకమునకు తెలిసినది. ఇంగ్లండునందు తయారైన కామెట్ జెట్ విమానములు రెండు, మూడు మాసముల వ్యవధిలో, మధ్యధరా సముద్రముపై గాలిలోనే పగిలిపోయినవి. నిపుణులు మరియొక కామెట్టును నీటి తొట్టిలో నుంచి, నీటితోనే లోపల ఒత్తిడి పెంచుచు తగ్గించుచు వేలమారులు పరీక్షించిరి. ప్రతి ప్రయాణమునకు ఒకసారి ఉబ్బి ఒకసారి తగ్గుటచేత రేకు అలసి, గోడకు కోసిన రంధ్రముల మూలలవద్ద చీలినదని తేలినది. టి.యు. 142 కిటికీలు ఏల చిన్నవని బాలిక అడిగియుండిన, జవాబులో కొంత ఇందున్నది.

కాని తూము సంగతిలో మిక్కిలి దుఃఖకరమైనది 2005 ఆగస్టు 14వ తేది. సైప్రస్ ద్వీపమునుండి ఏథెన్సునకు బయలుదేరిన ఒక ప్రయాణ విమానమున 121 మంది యుండిరి. ఆ యుదయమే మెకానికులు గదిలో గాలి కారుచున్నదేమో యని పరీక్షించి, అందుకై ఒక మీటను ‘చేతితో నడపు’ స్థానమునకు త్రిప్పిరి. పరీక్ష ముగిసినది; మీట అట్లే యుండిపోయినది. ఎగురుటకు ముందు చేయు తనిఖీలలో చోదకులును దానిని గమనింపలేదు. కవాటము తనంత తాను మూసికొనలేదు. విమానము పైకి పోయినకొలది లోపలి గాలి పోవుచునే యుండెను. హెచ్చరిక బూర మ్రోగినది. అదే బూర వేరొక తప్పునకును మ్రోగునది కావున చోదకులు దానిని వేరొక తప్పుగ భావించిరి. సరిగ ఆలోచింపవలసిన నిమిషములలోనే ఆలోచించు శక్తి వారిని విడిచినది. చోదకులు స్పృహ తప్పిన విమానము తనంత తాను ఏథెన్సు చేరి, ఆకాశమున చుట్లు తిరిగి, ఇంధనము ముగిసి కొండలపై కూలినది. ఒక్కరును దక్కలేదు. యంత్రమున ఏ భాగమును విరుగలేదు. తూము తెరచియుండెను, అంతే.

ఈ కథ తెలిసిన ఇంటి నిర్మాత తన పరీక్షలను రెండుమారులు చేయును. భాగములు బిగించిన పిమ్మట, విమానము నేలపై నుండగనే, గాలి ఊదు యంత్రమును తగిలించి గదిలో ఒత్తిడి పుట్టించును. తలుపు అంచున నున్న రబ్బరుకట్టు, చుక్కాని తీగలు గోడ దాటు రంధ్రములు, విద్యుత్తు తీగల సందులు, అన్నింటిపై సబ్బు నీరు పూయును. బుడగ లేచినచోట కారుచున్నదని గురుతు. చెవి యొగ్గి ‘బుస్సు’మను చప్పుడు వినును. గాలి ఊదుట ఆపి, ఒత్తిడి ఎంతసేపటికి ఎంత దిగినదో గడియారము చూచి వ్రాసికొనును. గది ఒత్తిడి 10 వేల అడుగుల ఎత్తునకు సమానమైనంత పలుచనైన వెంటనే వెలుగు ఎఱ్ఱదీపమును చోదకుని కన్నులయెదుటనే అమర్చును. ప్రాణవాయువు సీసాను చేతి కందునట్లుంచును. ఇన్ని చేసిన పిదపను మొదటిసారి ఎత్తునకు పోవునప్పుడు ఒంటరిగ పోవుటయే మేలు. భార్యాబిడ్డల వంతు తరువాత.

చీకటి పడుచుండెను. కావలివాడు ఈల వేసి, ప్రదర్శనశాల మూయువేళ యైనదని తెలిపెను. గాజువాక బస్సులో బాలిక కిటికీప్రక్క కూర్చుండి చాలసేపు మౌనముగ నుండెను.

“తాతయ్యా! ఆ పొట్లము ఎంత ఉబ్బునో కొలువవచ్చునా?”

“కొలువవచ్చును. చుట్టుకొలత తీసిన తెలియదు, కాగితము సాగదు. మందము కొలువవలెను.”

తరువాతి ఆదివారము ఉదయమున కిరండూలు రైలులో తాతయు మనుమరాలును ఎక్కిరి. విశాఖలో కొన్న వేపుళ్ళ పొట్లమును ఆమె ఒక నోటుపుస్తకముపై నుంచి, దానిపై ఇంకొక నోటుపుస్తకమును పెట్టి, నడిమి మందమును స్కేలుతో కొలిచి వ్రాసికొనెను. కొత్తవలసలో మార్పు లేదు. శృంగవరపుకోటలో లేదు. త్యాడ దాటిన పిమ్మట పై పుస్తకము కొంచెము లేచినది. బొర్రా గుహల స్టేషనులో ఇంకను లేచినది. ఎదుటి బల్లమీది ప్రయాణికులు మొదట నవ్వి, తరువాత స్కేలు చూపుమని అడుగసాగిరి. తాత మాత్రము కిటికీలోనుండి క్రిందికి, ఘాటు రోడ్డున మెల్లగ ఎక్కుచున్న ఒక లారీని చూచుచుండెను. శిమిలిగుడలో రైలు ఆగినది. బాలిక గుటక వేసి, చెవి తెరచుకొన్న పిదప స్కేలు తీసెను. పొట్లము గుండ్రముగ నుండెను. పై పుస్తకము నిలువక ప్రక్కకు జారిపోయెను.